పదహారో ప్రశ్న

పద్మ ఏ గడప ముందు నిలబడ్డా మొదట మనిషి మొహం చూడదు, చెప్పులు చూస్తుంది. "ఇంట్ల ముగ్గురమే ఉంటమమ్మా" అంటారు లోపలివాళ్లు. బయట అయిదు జతలుంటాయి. ఆ మిగతా రెండు జతలు ఎవరివో తేలేదాకా ఆమె పెన్ను కదలదు. ఇరవై రెండేళ్లుగా సర్వేల పనిలో అరిగిపోయిన మనిషి మరి. జనం అబద్ధాలాడతారని ఆమెకు కోపమేమీ లేదు. మొదట చెప్పే జవాబు అబద్ధమే అయి ఉంటుందని ఒక గట్టి నమ్మకం, అంతే.

పుట్టిందీ పెరిగిందీ కాపురం పెట్టిందీ చిక్కడపల్లిలోనే. తండ్రి నారాయణగూడలో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాడు. తప్పులు పట్టే గుణం ఆయన దగ్గరినుంచే వచ్చిందని చుట్టాలంటారు. డిగ్రీ అయ్యాక ఎవరో చాయ్‌పత్తా కంపెనీ సర్వేకు పదిహేను రోజులు మనుషులు కావాలంటే వెళ్లింది. ఆ పదిహేను రోజులు ఇప్పటికీ పూర్తి కాలేదు. సబ్బులు, సీరియళ్లు, దోమలు, మరుగుదొడ్లు, ఎలక్షన్లు, ఆమె జనాన్ని అడగని సంగతి లేదు. భర్త ఉమాకాంత్ సుల్తాన్ బజార్‌లో బట్టల దుకాణంలో చేస్తాడు. పాపం, ఆయన ఎప్పుడైనా ఆలస్యంగా వస్తే "ఏడికి పోయినవ్?" అని అడగదు. "బస్సు జల్ది దొరికిందా?" అంటుంది. అన్నం పెట్టేటప్పుడు మళ్లీ, "ఆటో ఆయన ఏ గల్లీలకెల్లి తెచ్చిండు?" అంటుంది. రెండు జవాబులూ కలవాలి. కలవకపోతే ఆ పూట ఆయనకు పెరుగన్నం గొంతు దిగదు.

అలాంటి పద్మకు మొన్నటి వానాకాలంలో వచ్చిన పని కొంచెం వేరు. దేశంలో హెరాయిన్ వాడేవాళ్లు ఎంతమంది ఉంటారో అంచనా కట్టాలట. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్ నగర్ ఆమె వంతు.

తలుపు కొట్టి "అయ్యా, మీరు హెరాయిన్ తీసుకుంటారా?" అంటే ఎవడు చెబుతాడు? అందుకని ఈ సర్వే చేసేవాళ్లు ఒక దొంగదారి కనిపెట్టారు. మనిషిని అతని సంగతి అడగరు, అతనికి తెలిసినవాళ్ల సంగతి అడుగుతారు. మీకు తెలిసినవాళ్లలో ఆటో నడిపేవాళ్లు ఎందరు? నర్సులు ఎందరు? కవల పిల్లలున్నవాళ్లు ఎందరు? పోయిన ఏడాది కాలు విరిగినవాళ్లు ఎందరు? ఇలా పదిహేను ప్రశ్నలు. ఊళ్లో ఆటోలెన్ని, నర్సులెందరు అన్నది సర్కారు లెక్కల్లో ఉంటుంది కాబట్టి, దాన్నిబట్టి ఆ మనిషి పరిచయాలు ఎంత పెద్దవో తేలుతుంది. పదహారో ప్రశ్న అసలుది. మీకు తెలిసినవాళ్లలో హెరాయిన్, బ్రౌన్ షుగర్ అలవాటున్నవాళ్లు ఎందరు? పేర్లు అక్కర్లేదు, అంకె చాలు. వేలమంది చెప్పిన అంకెలు కలిపితే దేశం లెక్క తేలుతుందన్నమాట. ట్యాబ్ చూస్తే జనం బెదురుతారని ఈసారి కాగితం ఫారాలే ఇచ్చారు. తర్వాత ఆఫీసువాళ్లు సరిచూసుకోవడానికి ఒక చీటీ మీద ఫోన్ నంబర్ మాత్రం విడిగా రాసుకోవాలి.

ఇళ్లలో మామూలు మర్యాదే జరిగింది. చిక్కడపల్లిలో కిషన్ రావు అనే రిటైర్డు ఉద్యోగి ఆమె గుర్తింపు కార్డును ఫోటో తీసుకుని, ఆమెను ఫోటో తీసుకుని, ఆమె బ్యాగును కూడా ఫోటో తీసుకున్నాడు. పదహారో ప్రశ్నకు "ఛ! మా వాళ్లల్ల గట్లాంటోళ్లు ఉండరు" అన్నాడు. లోపలినుంచి ఆయన భార్య, "మీ చెల్లె కొడుకు..." అని మొదలుపెట్టింది. "పాలు పొంగుతున్నయేమో చూడు పో" అన్నాడాయన. పద్మ సున్నా రాసుకుంది. చెప్పినదే రాయాలి, ఊహించినది రాయకూడదు. ఇరవై రెండేళ్లలో ఆ ఒక్క నియమం ఆమె తప్పలేదు, దాని మీదే ఆమెకు పేరు. పద్మ తెచ్చిన ఫారం అంటే కళ్లు మూసుకుని తీసుకోవచ్చని ఆఫీసుల్లో అనేవాళ్లు.

అశోక్ నగర్ ఆమెను ఆశ్చర్యపరిచింది. సర్కారు కొలువుల పరీక్షలకు చదివే పిల్లలతో కిక్కిరిసిన హాస్టళ్లే అన్నీ. అక్కడ తలుపే తీయరనుకుంది. మొదటి రోజు అలాగే జరిగింది కూడా. రెండో రోజునుంచి మాత్రం కుర్చీ వేసి కూర్చోబెట్టి జవాబులు చెప్పారు. ఆటోవాళ్లు? మూడు. నర్సులు? రెండు. కవలలు? ఒక్కరు. పైకి చూసి ఆలోచించడం లేదు, వేళ్లు మడవడం లేదు. హెరాయిన్? సున్నా మేడం. పరిచయస్తులను లెక్కపెట్టుకోవాలంటే ఎవరికైనా నిమిషం పడుతుంది. వీళ్లకు రెప్పపాటు కూడా పట్టడం లేదు. పద్మకు అనుమానం తగిలింది కానీ దాన్ని ఏ కొసన పట్టుకోవాలో తెలియలేదు. మూడు రోజుల్లో ముప్పై ఎనిమిది ఫారాలు నిండాయి.

ముప్పై తొమ్మిదోది ఒక హాస్టల్ మేడ మీది రేకుల గదిలో దొరికింది. ఆ గదిలో ప్రహ్లాద్ ఒక్కడే ఉంటున్నాడు. ముప్పై ఆరేళ్లు, నిర్మల్ వైపు మనిషి, అశోక్ నగర్‌కు వచ్చి ఎనిమిదేళ్లయింది. గుమ్మంలో ఒక్క జత చెప్పులే ఉన్నాయి. అతను ఒక్కో ప్రశ్నకూ కళ్లు మూసుకుని, ఊరిని తలచుకుని, పెదాలు కదుపుతూ లెక్కపెట్టాడు. ఆటోవాళ్లు పదకొండు మంది. నర్సు ఒకతే, మేనత్త బిడ్డ. పదహారో ప్రశ్న దగ్గర ఆగాడు.

"అక్కా, నాకొక డౌటు. ఇండ్ల నన్ను నేను లెక్కేసుకోవాల్నా?"

పద్మ పెన్ను ఆగింది. ఆమెకు ముందు వచ్చిన ఆలోచన, ఇతన్ని ఆఫీసువాళ్లే పంపారేమో, నేనేం రాస్తానో చూడటానికి, అని. తలుపు వంక చూసింది. ఎవరూ లేరు.

"ఎందుకట్ల అడుగుతున్నవ్ తమ్మీ?"

"ఏడాదిన్నర తీసుకున్న. బందు జేసి నూట యాభై మూడు రోజులైతున్నది. రోజు పొద్దున దవాఖానకు పోయి అక్కడోళ్ల ముందట అలవాటు మాన్పే గోలీ ఏసుకుని వస్త."

ఆమె ఇంకో రెండు మాటలు మాట్లాడి, చాయ్ వద్దని, వాన సంగతి ఎత్తి, తిరిగి తిరిగి అడిగింది, "అట్లయితే ఏ నెలల బందు జేసినట్టు?" అతను నెల చెప్పాడు, తారీఖు చెప్పాడు. ఆమె మనసులో కూడి చూసుకుంది. సరిగ్గా నూట యాభై మూడు. ఇంత నిజం ఎదురైతే ఏం చేయాలో ఆమెకు తోచలేదు.

"ఇంట్ల తెల్సా?" అని అడిగింది. అది ఫారంలో లేని ప్రశ్న.

"ఎవలకు చెప్పలే. కింద పోరగాళ్లకు తెల్సినట్టే ఉన్నది, హాస్టల్ గ్రూపుల నుంచి నన్ను తీసేసిన్రు." అతను తలగడ పక్కనున్న పుస్తకాల దొంతర వైపు చూపించాడు. "దేశంల మా అసొంటోళ్లు ఎంతమంది ఉన్నరో ఒక్కొక్క పుస్తకంల ఒక్కొక్క నంబర్ ఉన్నదక్కా. ఏది నిజమని సార్‌ను అడిగితే, పరీక్షల ఏదడిగితే అది రాయుమన్నడు. ఎవ్వరికి తెల్వదన్నట్టే కదా. నేనొక్కన్నన్న అండ్ల సక్కగ పడాలె."

సర్వే నియమాల పుస్తకం పద్మకు కంఠస్థం. జవాబు చెప్పేవాడు తనను తాను లెక్కించుకోకూడదు, అతనికి తెలిసిన ఇతరులనే చెప్పాలి. ఆ ప్రకారం ప్రహ్లాద్ ఫారంలో పడాల్సింది సున్నా. కిషన్ రావు చెప్పిన సున్నా, కింద ఉన్నవాళ్లు చెప్పిన సున్నా. ఆమె కాసేపు కాగితం వంక చూసి, ఒకటి వేసింది. ఇరవై రెండేళ్ల తర్వాత మొదటిసారి నియమం దాటింది. ఫోన్ నంబర్ చెప్పబోతుంటే, "వద్దులే తమ్మీ" అని చీటీ మూసేసింది.

వారం తిరక్కుండా హైదర్‌గూడలోని సర్వే ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. సూపర్‌వైజర్ రమాకాంత్ ఇరవై ఎనిమిదేళ్లవాడు, మర్యాదస్తుడు. ఆ మర్యాదే ఆ రోజు ఆమెను ఎక్కువ బాధపెట్టింది.

"పద్మ మేడం, జర కూసోండి. మీ అశోక్ నగర్ ఫారాలు ముప్పై ఎనిమిది ఒక్కటే తీరున ఉన్నయి. ఒక్క అంకె తేడా లేదు. గిట్లెట్ల అయితది?"

"వాళ్లు చెప్పింది రాసిన."

"పన్నెండు మందికి ఫోన్ చేసినం. అందరు ఒక్కటే మాట, మా హాస్టల్‌కు ఎవ్వరు రాలేదని." అతను గొంతు తగ్గించాడు. "చాయ్ హోటల్ల కూసోని నింపిన్రని మా మేనేజర్ అంటున్నడు. ఆఖరుదాంట్ల ఒక్కటి ఉన్నది, దానికి ఫోన్ నంబరే లేదు. అన్ని సున్నాలుంటే అనుమానమొస్తదని అది ఏసిన్రట. పనిలకెల్లి తీసేసి, వేరే ఏజెన్సీలన్నిటికీ మీ పేరు పంపుమంటున్నడు. నేనే రెండు రోజులు ఆపుమన్న."

పద్మకు ఒళ్లు మండిపోయింది. ఏడుపూ వచ్చింది, కానీ ఆ పిల్లాడి ముందు ఏడవడానికి ఆమె ఒప్పుకోలేదు. తను కల్పించని ముప్పై ఎనిమిదింటికి దొంగ అయింది. తను నియమం తప్పి రాసిన ఆ ఒక్కటే నిజం, దాన్ని అందరికన్నా పెద్ద దొంగతనం అంటున్నారు. ప్రహ్లాద్‌ను తీసుకొచ్చి నిలబెడితే కనీసం అక్కడికి వెళ్లానని తేలుతుంది. కానీ పేరు బయటపడితే, రేపు కొలువు వచ్చినా పోలీసు వెరిఫికేషన్‌లో అతని పని అయిపోతుంది. ఆ దారి వద్దనుకుంది.

మర్నాడు పొద్దున్నే అశోక్ నగర్‌లో వాలింది. మెడలో కార్డు తీసేసి బ్యాగులో పెట్టుకుంది. ఫోన్ ఎత్తి అబద్ధం చెప్పిన పన్నెండు మందినీ వరుసగా పట్టుకుందామని బయల్దేరి, రమాకాంత్ ఇచ్చిన వాళ్ల నంబర్ల చీటీకి కాపీ తీయించుకోవడానికి సుబ్బులు జిరాక్స్ దుకాణం ముందు ఆగింది. అశోక్ నగర్‌లో అన్నం లేకపోయినా జిరాక్స్ ఉంటుంది. పాత ప్రశ్నపత్రాలు, వాటి జవాబుల కీలు, కోచింగ్ నోట్సులు, బడ్జెట్ సారాంశాలు తాళ్లకు వేలాడుతున్నాయి. పక్కన నిలబడ్డ ఒక అమ్మాయి అడిగింది, "సుబ్బులక్కా, సర్వే కీ ఉన్నదా?"

"పాతది అయిపోయింది. ఫైనల్ కీ వచ్చింది, తీస్కపో" అని సుబ్బులు ఒక కాగితం చేతిలో పెట్టింది.

"నాకు గూడ ఒకటి ఇయ్యి" అంది పద్మ.

"మీ బిడ్డకా?"

"ఆఁ."

కాగితం సగం పేజీ. పైన 'సర్వే - ఫైనల్ కీ' అని ఉంది. ఒకటో ప్రశ్న, మూడు. రెండో ప్రశ్న, రెండు. అలా కిందిదాకా. నాలుగో ప్రశ్నకు మొదటి కీలో ఒకటి అన్నామని, అభ్యంతరాలు రావడంతో రెండుగా మార్చామని గమనిక. పదహారు, సున్నా. కింద పెద్ద అక్షరాల్లో, ఫోన్ వస్తే ఎవరూ రాలేదని చెప్పవలెను. పద్మ దుకాణం గట్టు మీద కూర్చుండిపోయింది. కాసేపటికి నవ్వొచ్చింది. ఇన్నేళ్లలో జనం సర్వేకు అబద్ధాలు చెప్పడం చూసింది కానీ, అభ్యంతరాలు స్వీకరించి సవరించిన అబద్ధం ఇదే మొదటిసారి.

ఆ కీ కర్త ఎవరో తెలుసుకోవడం ఆమెకు పది నిమిషాల పని. ఉదయ్ కుమార్, ఆరోసారి పరీక్ష రాస్తున్నవాడు, ప్రహ్లాద్ ఉండే హాస్టల్లోనే కింది అంతస్తు. పద్మ కాగితం చూపించగానే అతను బెదరలేదు సరికదా, నిలబడి వాదించాడు.

"ఇది సర్వే కాదు మేడం, ఎంక్వైరీ. ఎవరు మత్తుమందు తీసుకుంటున్నరు, ఎవరికి ఎవరు దోస్తులు, అంతా రాసుకపోయి వెరిఫికేషన్‌ల తీస్తరు. మాకు తెల్వదా?"

"సున్నా అంటే సున్నా అన్నవ్, సరే. ఆటోవాళ్లు మూడెందుకయ్యా?"

"అందరిది ఒక్కటే ఉండాలె మేడం. ఒక్కనిది వేరే ఉంటే వాడు దొరుకుతడు."

"అందరిది ఒక్కటే ఉన్నందుకు నేను దొరికిన" అంది పద్మ. "ఇది ఉత్త సర్వేనే. నీ కీతోని నా పని పోయేటట్టున్నది."

అతను ఆమె మొహంలోకి చూశాడు. మొదటిసారి తడబడ్డాడు. "నిజంగ సర్వేనా?" అని, కాస్త గొంతు తగ్గించి, "అయితే మేడం, పదహారోదానికి కరెక్ట్ ఆన్సర్ ఎంత?" అన్నాడు.

"నీకు ఎందరు తెల్సో అంత."

ఉదయ్ కుమార్ కళ్లు ఒక్కసారి మేడ మెట్ల వైపు పోయి వచ్చాయి. "సున్నానే మేడం" అన్నాడు.

ఆ కాగితం పద్మను కాపాడింది. రమాకాంత్ దాన్ని చదివి కడుపు పట్టుకుని నవ్వాడు. మేనేజర్‌కు చూపించి వచ్చాడు. ముప్పై ఎనిమిది ఫారాలు రద్దు, ఆమె పేరు మీద మచ్చ లేదు, విద్యానగర్‌లో కొత్త హాస్టళ్లు చూసుకోవచ్చు.

"ఇగ ఈ ఆఖరుది ఒక్కటి" అని అతను ప్రహ్లాద్ ఫారం ముందు పెట్టాడు. "కీకి కలుస్తలేదు కాబట్టి అసలైందే. ఫోన్ నంబర్ ఎందుకు లేదు మేడం?"

పద్మ జరిగింది చెప్పింది. పేరు చెప్పలేదు, గది చెప్పలేదు. ఆ ఒకటి జవాబు చెప్పినవాడేనన్నది మాత్రం దాచలేదు. రమాకాంత్ నవ్వు ఆగిపోయింది. నియమాల పుస్తకం తీసి పేజీ తిప్పాడు.

"తనను లెక్కేసుకోవద్దు కద మేడం. మీకు తెల్వనిదా? ఆయనను ఎరిగినోళ్లు ఆయనను చెప్తరు. మళ్ల ఆయన గూడ చెప్పుకుంటే లెక్క డబులైతది."

"ఆయనను ఎరిగినోళ్లు గూడ ఆ ముప్పై ఎనిమిది మందిలనే ఉన్నరు కద సారూ!" అంది పద్మ. గొంతు పెరిగింది. "గా హాస్టలోళ్లే ఎరిగినోళ్లు. అందరు సున్నా చెప్పిన్రు. ఆయనను ఇంకెవరు చెప్తరు?"

రమాకాంత్ ఫ్యాన్ కింద కాగితాలు రెపరెపలాడుతుంటే వాటి మీద పేపర్‌వెయిట్ పెట్టాడు.

"నేను కాదంటలేను మేడం. గని రూలు రూలే. సున్నా జేసి సంతకం పెట్టుండ్రి, ఫారాలన్నీ నియమాల ప్రకారమే నింపినట్టు డిక్లరేషన్ ఇయ్యాలె. ఇయ్యకపోతే మేనేజర్ మళ్ల మొదటికొస్తడు. ఒక్కటి తప్పు రాసినామె ముప్పై ఎనిమిది రాయదా అంటడు."

పద్మ ఆ మాటలో తప్పు వెదికింది. దొరకలేదు. అతను చెప్పిందంతా సరైనదే, పుస్తకంలో ఉన్నదే, తను వందమంది కొత్తవాళ్లకు నేర్పినదే. ఇరవై రెండేళ్ల పేరు బల్ల మీద ఉంది. ఒక్క గీత గీస్తే అది తనది. ఆమె పెన్ను తీసి ఒకటిని అడ్డంగా కొట్టేసింది, పక్కన సున్నా వేసింది, పొట్టి సంతకం పెట్టింది. డిక్లరేషన్ మీద పూర్తి సంతకం పెట్టింది. బయటికొచ్చి మెట్లు దిగుతుంటే సిగ్గనిపించింది, ఎవరు చూశారని కాదు.

ఆ తర్వాత పది రోజులు విద్యానగర్‌కు చుట్టూ తిరిగి వెళ్లింది. అశోక్ నగర్ మీదుగా పోలేదు. కానీ చిక్కడపల్లిలో ఉంటూ అశోక్ నగర్ మనుషులను ఎన్నాళ్లు తప్పించుకుంటుంది? ఒక ఉదయం చిక్కడపల్లి లైబ్రరీ గేటు దగ్గర ప్రహ్లాద్ ఎదురుపడ్డాడు. దవాఖాన నుంచి తిన్నగా వస్తున్నాడు. చంకలో పుస్తకం. మొన్నటికన్నా మొహం తేటగా ఉంది.

"అక్కా, నమస్తే. మీ లెక్క అయిపోయిందా?"

"అయిపోయింది తమ్మీ."

"మరి నన్ను ఏసిన్రా అండ్ల?"

పద్మకు కొట్టేసిన గీత కళ్ల ముందు కనిపించింది.

"ఏసిన" అంది.

అతను ఇంకేదో అడుగుతాడని ఆమె ఎదురుచూసింది. ఎక్కడ వేశారు, ఎంత వేశారు, చూపిస్తారా, అని తనైతే మూడు రకాలుగా అడిగేది. జవాబులు కూడా సిద్ధం చేసుకుంది. ఇరవై రెండేళ్లుగా తలుపు తలుపునా ఆమె నిజం చెప్పి నిలబడితే కార్డు అడిగారు, ఫోటోలు తీశారు, కుక్కను వదిలారు, చివరికి సొంత ఆఫీసువాళ్లే దొంగ అన్నారు.

"మంచిదక్కా" అన్నాడు ప్రహ్లాద్, ఒక్క ప్రశ్న కూడా అడగకుండా. ఆమెను పూర్తిగా నమ్మి, లోపలికి చదువుకోవడానికి వెళ్లిపోయాడు.